స్కూల్లో కోచింగ్ నిలబడాలంటే ముందు తెరుచుకోవాల్సింది హెడ్ క్లాసు తలుపే

కోచింగ్ అనగానే పోటీ పరీక్షలు, ర్యాంకులు, రాత్రి దాకా క్లాసులు గుర్తొస్తే అవి కాసేపు పక్కన పెట్టండి. నేను చెప్పబోయేది టీచర్లకు జరిగే కోచింగ్ గురించి. ఒక టీచర్ పాఠం చెప్తుంటే ఇంకో టీచర్ వెనక బెంచీలో కూర్చుని, తప్పులు పట్టడానికి కాకుండా, అసలు క్లాసులో ఏం జరుగుతోందో చూసి, తర్వాత ఇద్దరూ కూర్చుని "ఈ ఒక్కటి మార్చి చూద్దామా" అనుకోవడం, వారం తర్వాత మళ్లీ వెళ్లి చూడటం. ఇంతే. వినడానికి ఇంత చిన్న సంగతి. చాలా స్కూళ్లలో మాత్రం రెండు మూడు నెలలు గట్టిగా నడిచి, ఆ తర్వాత ఫారాలు నింపే పనిగా మిగిలి, ఆఖరికి ఎవరూ గుర్తు చేసుకోని సంగతైపోతుంది. ఆరంభశూరత్వానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

హెడ్‌గా పనిచేసినప్పుడు నేను దీన్ని ఒకసారి చేతులారా చెడగొట్టాను, తర్వాత ఇంకోచోట ఓ మాదిరిగా నిలబెట్టాను. చెడగొట్టిన కథే ముందు చెప్తాను, ఎందుకంటే మీరూ సరిగ్గా అక్కడే జారిపడే అవకాశం ఎక్కువ.

మొదటి ఏడాది ఉత్సాహంగా అందరి క్లాసులకూ వెళ్లాను, మంచిగా మాట్లాడాను, టీచర్లు కూడా మనసు విప్పి చెప్పేవారు. ఒక మేడమ్ అయితే తనంతట తానే "ఆఖరి పీరియడ్‌లో పిల్లలు నా చేతిలో ఉండటం లేదు సార్, ఏం చేయాలో తెలియట్లేదు" అంది. ఏడాది చివర్లో పనితీరు రిపోర్టులు రాయాల్సి వచ్చింది. ఆమె కాలమ్‌లో "తరగతి నిర్వహణ మెరుగుపడాలి" అని రాశాను. నాకది తప్పనిపించలేదు, ఉన్నదేగా రాశాను అనుకున్నాను. ఆ తర్వాత స్టాఫ్‌రూమ్‌లోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోవడం మొదలైంది. మరుసటి ఏడాది ఎవరి క్లాసుకు వెళ్లినా అద్భుతమే: బోర్డు మీద చక్కటి అక్షరాలు, గోడకు కొత్త చార్టులు, అడగ్గానే లేచే చేతులు. ఒక క్లాసులో ఓ పిల్లాడు లేచి "మేడమ్, ఇది నిన్న చెప్పేశారు కదా" అన్నాడు. నాకోసం అదే పాఠాన్ని రెండోసారి చెప్తున్నారన్నమాట. ఆ పిల్లాడి మాటతో నాకు సంగతి అర్థమైంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇంత తలనొప్పి ఎందుకు, ఒక ట్రైనింగ్ పెట్టిస్తే సరిపోదా అనొచ్చు. సరిపోదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే పరిశోధకులు 1980ల మొదట్లోనే ఈ సంగతి చెప్పారు: ట్రైనింగ్‌లో సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, అక్కడికక్కడ ప్రాక్టీస్ చేయించినా, తిరిగి స్కూలుకొచ్చాక పక్కన ఎవరూ లేకపోతే అది క్లాసు గుమ్మం దాటి లోపలికి రావడం చాలా తక్కువ. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ 60 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, కోచింగ్ వల్ల బోధనా, పిల్లల ఫలితాలూ రెండూ మెరుగుపడ్డాయని తేలింది, బోధనలో మార్పు పెద్దది, పిల్లల మార్కుల్లో అంతకంటే చిన్నది. అదే పరిశీలనలో ఇంకో మాట కూడా బయటపడింది, దాని గురించి కింద చెప్తాను.

ముందుగా కోచింగ్ ఫైలూ రిపోర్టు ఫైలూ విడదీయండి

ఎవరినీ ఎక్కడికీ పంపకముందే చేయాల్సిన పని ఇది. కోచింగ్‌లో కనిపించినది, వినిపించినది రిపోర్టులోకి రాదు. దీన్ని నోటిమాటగా వదిలేయకండి, నోటిమాటను అవసరమొచ్చినప్పుడు ఎవరైనా మర్చిపోతారు, మీతో సహా. ఒక పేజీ మీద రాసి, మీరు సంతకం చేసి, స్టాఫ్‌రూమ్‌లో అతికించండి. అందులో ఉండాల్సినవి ఎక్కువేం లేవు. కోచ్ రాసుకున్న కాగితం ఆ టీచర్‌దే, కాపీ ఎవరికీ వెళ్లదు. ఎవరికి ఎన్నిసార్లు కోచింగ్ జరిగిందో హెడ్‌కు తెలుస్తుంది, లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పిల్లల భద్రతకు సంబంధించిన విషయం కంటబడితే మాత్రం ఈ రహస్యం వర్తించదు. ఈ చివరి మాట కూడా మొదటిరోజే చెప్పాలి, తర్వాత చెప్తే మోసంలా ఉంటుంది.

చిన్న స్కూలు, కోచ్ అంటూ వేరే ఎవరూ లేరు, అన్నీ మీరే చూసుకోవాలి అంటే ఏం చేయాలి? కష్టమే, కాదనను. అప్పుడు కోచింగ్‌ను మీ చేతిలోంచి తీసి టీచర్లకే జంటలుగా అప్పజెప్పండి. మీరు రిపోర్టు కోసం వెళ్లే క్లాసు ఏదో ముందే చెప్పి వెళ్లండి: "ఇవాళ వస్తున్నది రిపోర్టు కోసం." అలా సూటిగా చెప్పిన హెడ్‌ను ఎవరూ తప్పుపట్టరు. ఊరికే చూసిపోదామని వచ్చానంటూ కూర్చుని లోలోపల మార్కులు వేసేవాణ్ణే ఎవరూ నమ్మరు.

మరో ప్రమాదం ఏంటంటే, కోచ్‌ను మీ గదిలోకి పిలిచి "ఎలా ఉంది ఆ టీచర్ సంగతి, మెరుగుపడుతోందా?" అని అడగాలనిపిస్తుంది. మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. అడగొద్దు. గోడలకు చెవులుంటాయో లేదో గానీ స్టాఫ్‌రూమ్ తలుపుకు కళ్లున్నాయి, కోచ్ మీ గదిలోంచి బయటికొస్తుంటే పది మంది చూస్తారు.

తర్వాత మీరే వెనక బెంచీకి పని కల్పించండి

ఇక్కడే అసలు విషయం ఉంది. మిగతా స్టెప్పులన్నీ తప్పినా సర్దుకోవచ్చు, ఇది తప్పితే మాత్రం ఏదీ నిలబడదు. మీరు పాఠం చెప్తుండగా మీ కంటే జూనియర్ అయిన ఒక టీచర్ వచ్చి చూడాలి, తర్వాత ఆ సంగతి మీరే అందరి ముందూ చెప్పాలి. వారానికి ఒక్క క్లాసు కూడా మీకు లేకపోతే ఒకటి తీసుకోండి.

2008లో వివియన్ రాబిన్సన్ బృందం స్కూల్ నాయకత్వం మీద వచ్చిన అధ్యయనాలను పోల్చి చూస్తే, హెడ్ చేసే పనుల్లో పిల్లల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపింది ఒకటే: టీచర్ల నేర్చుకోవడాన్ని ప్రోత్సహించడం, తానూ అందులో పాల్గొనడం. ఆ రెండో సగాన్ని చాలామంది సౌకర్యంగా మర్చిపోతారు. ప్రోత్సహించడం అంటే స్టేజీ మీద మాట్లాడటం, అది అందరికీ వచ్చు. పాల్గొనడం అంటే కూర్చుని తానూ మాట పడటం.

రెండో స్కూల్లో నేను ఏడో తరగతికి భిన్నాలు చెప్తున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన ఓ మేడమ్‌ను పిలిచి, "నేను అడిగే ప్రశ్నలు, జవాబు చెప్పేవాళ్లు, ఇంతే చూడండి, ఇంకేమీ వద్దు" అన్నాను. ఆమె నోట్‌బుక్కులో క్లాసు బొమ్మ గీసి, బెంచీకో గడి పెట్టి, ఎవరు జవాబు చెప్తే వాళ్ల గడిలో ఒక గీత కొట్టింది. పీరియడ్ అయ్యాక ఆ కాగితం నా చేతిలో పెట్టి, కాస్త భయంగానే చెప్పింది. "26 ప్రశ్నలు అడిగారు సార్. 19 జవాబులు మొదటి రెండు వరసల నుంచి వచ్చాయి. మిగతా క్లాసంతా కలిపి మూడు." "మరి ఆ మిగిలిన నాలుగు?" అన్నాను. "మీరే చెప్పేశారు సార్."

ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నవాణ్ణి. నా క్లాసులో అందరూ మాట్లాడతారని నా గట్టి నమ్మకం. ఆ కాగితం పట్టుకుని కొంచెంసేపు ఏం మాట్లాడలేకపోయాను. ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత చదివితే తెలిసింది: మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే క్లాసుల్లో రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సెకను అటూ ఇటూ మాత్రమేనని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడమూ మౌనమూ తగ్గాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. మూడు సెకన్లు అంటే వినడానికి ఏమీ లేదు గానీ, నలభై మంది పిల్లల ముందు నోరు మూసుకుని నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది.

ఆ శనివారం స్టాఫ్ మీటింగ్‌లో ఆ గీతల కాగితాన్ని గోడకు అంటించి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరికంటే సీనియర్ లెక్కల సార్, ఎప్పుడూ మీటింగుల్లో కిటికీ వైపు చూస్తూ కూర్చునే మనిషి, "నాదీ అదే లెక్క ఉంటుంది సార్, ఎవరూ లెక్కపెట్టలేదంతే" అన్నాడు. ఆ వారంలో ముగ్గురు ఆ మేడమ్‌ను తమ క్లాసుకు పిలిచారు. నేను పంపలేదు, వాళ్లే పిలిచారు.

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుంటే గౌరవం పోతుందనే భయం మనలో చాలామందికి ఉంటుంది. ఏమీ పోదు. ఏమీ తప్పు లేనట్టు నటించే హెడ్ కింద పనిచేసేవాళ్లు కూడా నటించడమే నేర్చుకుంటారు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ 1990లలో ఆసుపత్రి నర్సుల బృందాలను పరిశీలిస్తే, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే తప్పులు ఎక్కువగా నమోదయ్యాయట. ముందు ఆమెకూ వింతగానే అనిపించింది. చూడబోతే, అక్కడ తప్పులు ఎక్కువ జరగడం కాదు, జరిగినవి చెప్పుకోగలుగుతున్నారు. స్టాఫ్‌రూమ్‌కు కూడా ఇదే వర్తిస్తుందని నా అనుభవం.

టైమ్‌టేబుల్లో చోటు లేకపోతే ఇదంతా గాలి మాట

"తీరిక దొరికినప్పుడు ఒకరి క్లాసుకు ఒకరు వెళ్లండి" అని చెప్పారంటే మీరు ఈ పని జరగకూడదనే కోరుకుంటున్నారని అర్థం. స్కూల్లో తీరిక ఎవరికీ దొరకదు.

లెక్క వేద్దాం. క్లాసులో 20 నిమిషాలు చూడటం, తర్వాత 25 నిమిషాలు మాట్లాడుకోవడం. మొత్తం 45 నిమిషాలు. 24 మంది టీచర్లున్న స్కూల్లో ఒక్కొక్కరికి రెండు వారాలకోసారి అంటే వారానికి 12 మంది, 9 గంటలు. ఒక కోచ్‌కు సగం పీరియడ్లు తగ్గిస్తే ఇది కుదురుతుంది, లేదా ముగ్గురికి తలా మూడు గంటలు పంచవచ్చు. ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయంటారా, కొన్ని మీ దగ్గరినుంచి రావాలి. కోచింగ్ మాటలు జరుగుతున్నప్పుడు ఆ టీచర్ క్లాసు మీరు తీసుకోండి. కొన్ని స్టాఫ్ మీటింగుల నుంచి రావాలి. సర్క్యులర్ చదివి వినిపించడానికి అందరినీ గంటసేపు కూర్చోబెట్టే మీటింగ్ రద్దు చేసి, ఆ సర్క్యులర్‌ను నోటీసు బోర్డుకు అంటిస్తే ఎవరూ ఏడవరు.

ఒకటి మాత్రం చేయకండి. టీచర్ లీజర్ పీరియడ్‌ను లాక్కోకండి. ఆ పీరియడ్‌లో దిద్దాల్సిన నోట్‌బుక్కుల కట్టలు ఉంటాయి, గుక్కెడు నీళ్లు తాగే టైమ్ ఉంటుంది. దాన్ని తినేసే కోచింగ్ ఎంత మంచిదైనా శత్రువే అవుతుంది.

కోచ్ ఎవరు?

బాగా పాఠం చెప్పేవాళ్లే మంచి కోచ్ అవుతారనేది సగం నిజం. పాఠం చెప్పడం రావాలి, సందేహం లేదు. కానీ మీ స్టాఫ్‌రూమ్‌ను వారం రోజులు గమనించండి: క్లాసులో ఏదైనా తేడా కొడితే టీచర్లు ఎవరి పక్కన వచ్చి కూర్చుంటారు? వాళ్లే మీ కోచ్. చాలాసార్లు ఆ మనిషికి ఏ పదవీ ఉండదు, సీనియారిటీ లిస్టులో మధ్యలో ఎక్కడో ఉంటారు. "మా రోజుల్లో అయితేనా" అని మొదలుపెట్టేవాళ్లను మాత్రం ఎంత అనుభవం ఉన్నా వద్దు.

మొదటి విడతకు ఎవరిని తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. బలహీనంగా ఉన్న టీచర్లతో మొదలుపెడితే "కోచింగ్ వచ్చిందంటే వాళ్ల పని అయిపోయినట్టే" అన్న ముద్ర పడిపోతుంది, ఆ ముద్ర ఏళ్ల తరబడి పోదు. ఇష్టపడి ముందుకొచ్చిన నలుగురైదుగురితో, అందులోనూ అందరూ గౌరవించే ఒకరిద్దరితో మొదలుపెట్టండి.

కూర్చుని మాట్లాడే ఆ 25 నిమిషాలు

కోచింగ్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదటి సంగతి, ఏం చూడాలో టీచరే చెప్పాలి. కోచ్ తనకు తోచింది చూసొస్తే అది తనిఖీ. రెండోది, చూసింది చూసినట్టు రాయాలి. "పిల్లలకు ఆసక్తి లేదు" అనేది అభిప్రాయం. "చివరి రెండు బెంచీల్లో ఆరుగురు ఉంటే, ఐదుగురు రాయడం ఆపేశారు" అనేది చూసినది. మొదటిదానితో గొడవ పడొచ్చు, రెండోదానితో పడలేరు.

నాకు బాగా గుర్తున్న ఒక మాటామంతీ ఉంది, ఇద్దరి అనుమతితో నేనూ ఓ మూల కూర్చుని విన్నాను. సైన్స్ మేడమ్ టీచరు, తెలుగు మేడమ్ కోచ్. సబ్జెక్టు వేరైనా ఫర్వాలేదు, ఒక్కోసారి అదే మంచిది, ఎందుకంటే కోచ్ కళ్లు పాఠం మీద కాకుండా పిల్లల మీద ఉంటాయి.

"ఎలా జరిగింది?" అంది కోచ్.

"బాగానే జరిగింది. వెనకవాళ్లే, ఎంత చెప్పినా వినరు."

కోచ్ కాదనలేదు, అవుననలేదు. కాగితం ఇటు తిప్పింది. "మీరు చూడమన్నారని ఆ రెండు బెంచీలే చూశాను. మొదటి పన్నెండు నిమిషాలు ఆరుగురూ రాస్తున్నారు. ఇక్కడ మీరు 'అర్థమైందా' అన్నారు. ముందువాళ్లు అయిందన్నారు. మీరు తర్వాతి దానికి వెళ్లారు. ఇదిగో, అక్కణ్ణుంచి ఒకరి తర్వాత ఒకరు పెన్నులు కింద పెట్టేశారు."

మేడమ్ ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయింది. కోచ్ కూడా మాట్లాడలేదు. ఆ మౌనాన్ని తట్టుకోవడం కోచ్‌కు కావాల్సిన అన్నిటికంటే పెద్ద నైపుణ్యం అని నాకు ఆరోజే తెలిసింది. చివరికి మేడమే అంది, "అంటే వాళ్లు వినకపోవడం కాదు, నేనే వాళ్లను వదిలేసి ముందుకెళ్లిపోయాను."

"'అర్థమైందా' అని అడక్కుండా, అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవచ్చు?"

"ఒక చిన్న ప్రశ్న ఇచ్చి నోట్‌బుక్కులో రాయమనొచ్చు. రాస్తుంటే తిరిగి చూడొచ్చు."

"ముందు ఎటు నుంచి మొదలుపెడతారు?"

"వెనక నుంచి." నవ్వింది.

"రండి, ఖాళీ క్లాసుంది, ఒకసారి చేసి చూద్దాం."

ఇద్దరూ వెళ్లి ఖాళీ బెంచీల మధ్య ప్రశ్న బోర్డు మీద రాయడం, ఎక్కడ ఆగాలో, ఏ వరసలోంచి నడవాలో రెండుసార్లు చేసి చూసుకున్నారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, పిల్లల్లేని క్లాసులో పిల్లలున్నట్టు నటించడం. కానీ మాట్లాడుకుని వదిలేసిన దానికీ, ఒకసారి కాళ్లతో నడిచి చూసుకున్న దానికీ మర్నాడు క్లాసులో చాలా తేడా ఉంటుంది.

ఆ మాటల్లో మీరు గమనించాల్సింది, కోచ్ ఒక్కటే విషయం పట్టుకుంది. బోర్డు మీద ఒక స్పెల్లింగ్ కూడా తప్పుంది, ఆమె చూసింది, నాతో తర్వాత చెప్పింది, అక్కడ మాత్రం ఎత్తలేదు. ఏడు సలహాలిస్తే ఏడూ పోతాయి. ఫీడ్‌బ్యాక్ అంటే ఎంత ఇస్తే అంత మంచిదనే భ్రమ కూడా వద్దు: 1996లో క్లూగర్, డినీసీ అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా చెడింది. మాట పని మీదినుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ దాని ఉపయోగం తగ్గుతుందని వాళ్లు వివరించారు. పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది. "మీరు పుట్టుకతోనే టీచర్" అంటే వినడానికి బాగుంటుంది, రేపు ఏం చేయాలో మాత్రం చెప్పదు.

కోచింగ్ గురించి చదివితే మీకు గ్రో అనే పద్ధతి ఎదురవుతుంది, జాన్ విట్‌మోర్ వల్ల 1990ల్లో బాగా ప్రచారంలోకొచ్చింది: ఏం కావాలి, ఇప్పుడెలా ఉంది, దారులేమున్నాయి, ఏది చేస్తావు అని వరసగా అడుగుతూ వెళ్లడం. మంచిదే, నేనూ వాడాను. కానీ కొత్తగా చేరిన టీచర్‌ను "మీకేమనిపిస్తోంది, ఇంకేం చేయొచ్చనుకుంటున్నారు" అని ప్రశ్నలతోనే చంపకండి. దారి తెలియక నిలబడ్డవాణ్ణి "నీకు ఎటు వెళ్లాలనిపిస్తోంది" అని అడిగినట్టుంటుంది. తెలియనప్పుడు చెప్పండి, చేసి చూపించండి, మీ క్లాసుకు పిలవండి. తెలిసినవాళ్లకు ప్రశ్నలు, తెలియనివాళ్లకు దారి. ఇద్దరికీ ఒకే మంత్రం చదివే కోచ్‌లను చూశాను, పాపం వాళ్ల తప్పు కూడా కాదు, ట్రైనింగ్‌లో అలాగే చెప్పి పంపారు.

నచ్చనివాళ్ల సంగతి

ప్రతి స్కూల్లోనూ కొందరు "ఇలాంటివి చాలా చూశాం" అంటారు. చూశారు కూడా, అబద్ధం కాదు. వాళ్లను మొండివాళ్లని రాసిపారేయకముందు కారణం అడగండి. నేను అడిగితే ఒకాయన, ఇంతకుముందు ఎక్కడో తను నమ్మి చెప్పుకున్న మాట అందరి ముందూ బయటపడిందని చెప్పాడు. నేను ఒకప్పుడు చేసింది కూడా అదే కదా, నోరు పెగల్లేదు.

ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ షికాగో స్కూళ్లను ఏళ్ల తరబడి గమనించి, స్కూలు బాగుపడటంలో నమ్మకానికి పెద్ద పాత్ర ఉందని 2002లో రాశారు. గౌరవం, పని చేతనైన తనం, మనిషి మీద శ్రద్ధ, మాటకూ చేతకూ పొంతన, వీటిని బట్టే ఎదుటివాళ్లు మనల్ని నమ్మాలో వద్దో తేల్చుకుంటారట. ఆ చివరిదానికి షార్ట్‌కట్ లేదు. బలవంతం చేయకండి. బతిమాలకండి కూడా. ఆయనకు బాగా వచ్చిన పని ఏదో చూసి, "మీ క్లాసులో గుంపు పని ఎలా నడుస్తుందో చూడటానికి ఇద్దర్ని పంపనా" అని అడగండి. నేను చెప్పిన ఆయన మొదటి ఏడాది రాలేదు. రెండో ఏడాది మధ్యలో ఓరోజు కోచ్ దగ్గరికెళ్లి, ఎవరికీ వినపడకుండా, "నా ఎనిమిదో తరగతికి ఒకసారి రండి" అన్నాడట.

తొందరపడి పెంచకండి

పైన దాటేసిన మాట ఇది. క్రాఫ్ట్ బృందం చూసిన వాటిలో చిన్న కార్యక్రమాల కంటే పెద్దవాటిలో ఫలితం బాగా తగ్గింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు: ఐదుగురికి ఒక మంచి కోచ్ దొరుకుతుంది, వంద మందికి దొరకడం కష్టం. మొదటి ఏడాది ఐదుగురు, రెండో ఏడాది పన్నెండు మంది, అలా వెళ్లినా నష్టం లేదు. పైనుంచి "అందరికీ అమలు చేయండి, ఫోటోలు పంపండి" అని ఒత్తిడి వస్తే, ఫోటోలు వేరే వాటివి పంపండి. కోచింగ్ జరిగే గదిలోకి మాత్రం ఫోన్ కెమెరా రానివ్వకండి.

ఫారాలు కూడా పెంచకండి. నాలుగు పేజీల అబ్జర్వేషన్ ఫారం ఇస్తే కోచ్ తలొంచుకుని గడులు నింపుతుంది, క్లాసు చూడదు. ఒక నోట్‌బుక్కు చాలు: ఎడమ పేజీలో చూసినది, కుడి పేజీలో ఈ వారం మార్చబోయే ఒక్కటి.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

ఎన్ని క్లాసులు చూశారన్న లెక్క పెట్టకండి, పెడితే ఆ లెక్క మాత్రమే పెరుగుతుంది. స్టాఫ్‌రూమ్‌లో చెవి వేయండి. "ఈ బ్యాచ్ పిల్లలింతే" అనే మాట తగ్గి, "నేనిలా చెప్పాను, ఎక్కలేదు, నువ్వెలా చెప్తావు" అనే మాట వినపడిందా? మీరు వెళ్తే కూడా ఆ మాట ఆగకుండా సాగిందా? క్లాసు తలుపులు తీసి ఉంటున్నాయా? కోచ్‌ను మీరు పంపుతున్నారా, టీచర్లే పిలుస్తున్నారా? నెలకోసారి, పేర్లు రాయకుండా ఒక చీటీ అడగండి: ఈ నెలలో నా క్లాసులో మారిన ఒక్కటి ఏంటి. ఖాళీ చీటీలు ఎక్కువొస్తే తప్పు టీచర్లది అనుకోకండి, ఆ 25 నిమిషాల్లో ఏం జరుగుతోందో చూడండి.

కోచ్‌లను కూడా ఒంటరిగా వదలొద్దు. వాళ్లు ముగ్గురూ నెలకోసారి కలిసి, టీచర్ల పేర్లు ఎత్తకుండా, ఎక్కడ తడబడ్డారో చెప్పుకోవాలి. ఏడాదికోసారైనా ఒకరి కోచింగ్ మాటలను ఇంకొకరు, ఆ టీచర్ ఒప్పుకుంటే, కూర్చుని వినాలి.

మీరు వెళ్లిపోయే రోజు కోసం ఇప్పుడే

హెడ్ మారగానే ఆగిపోయేది కల్చర్ కాదు, ఆ హెడ్ సరదా. కాబట్టి మొదటి ఏడాదే ఈ పని మీ పేరు మీద కాకుండా చూడండి. ఒక్క కోచ్ మీద ఆధారపడితే ఆ మనిషికి బదిలీ అయినరోజు అంతా పోతుంది, కనీసం ఇద్దరు ముగ్గురు తయారుకావాలి. కోచింగ్ గంటలు టైమ్‌టేబుల్లో ముందు వేసి, మిగతావి తర్వాత వేసే పద్ధతి అలవాటు కావాలి. కొత్తగా చేరిన టీచర్‌ను మొదటి వారంలోనే ఒకరి క్లాసు చూడటానికి పంపాలి, వాళ్లను చూడటానికి కాదు. అప్పుడు ఇది ఇక్కడ మామూలే అనుకుంటారు, తమకు ప్రత్యేకంగా పెట్టిన పరీక్ష అనుకోరు.

నేను ఆ రెండో స్కూల్ వదిలిన రోజు, కొత్తగా వచ్చిన హెడ్‌కు టైమ్‌టేబులూ, గోడ మీది ఆ ఒక్క పేజీ కాపీ ఇచ్చాను. ఆయన బీరువా తెరిచి చూసి, "అబ్జర్వేషన్ రికార్డులు కనపడట్లేదే, ఎక్కడున్నాయి?" అన్నాడు.

"టీచర్ల దగ్గరున్నాయి సార్" అన్నాను. "అడిగితే ఇవ్వరు. మీరు ఒక క్లాసు తీసుకుని, వాళ్లలో ఎవరినైనా చూడటానికి పిలవండి."